గృహారోగ్యము: కంఠమునకును విశ్రాంతి వలయును



శ్రావణమాసపు పేరంటములు మొదలుకొని ధనుర్మాసపు వేకువపాటల వఱకు మన యిండ్లలో పాట లేని పండుగ లేదు. తెలంగాణమున బతుకమ్మ తొమ్మిది దినములును ఆరుబయట చప్పట్లతో పాడనిదే గడవవు. పెండ్లిలో నలుగుపాట, తలుపుదగ్గఱ పాట, అప్పగింతల పాట. తొట్టెలోని బిడ్డకు లాలి. దేవునికి మంగళహారతి: ఇవన్నియు స్త్రీల కంఠములనుండియే రావలెను. ఇవి గాక, శాస్త్రోక్తముగ సంగీతము నేర్చి కచేరీలు చేయు విదుషీమణులును, ఇంటిలో పదిమంది పిల్లలను కూర్చుండబెట్టుకొని పాఠము చెప్పు ఉపాధ్యాయినులును కలరు. ఇంత పని చేయు అవయవమునకు మనము చేయు ఉపచారము మాత్రము మిక్కిలి స్వల్పము. గొంతు బొంగురుపోయిన రాత్రి మిరియాలపాలు త్రాగి, మఱునాడు మరల పాడుటయే మనలో పెక్కుమంది యెఱిగిన చికిత్స.

అంతకంటె విచారకరమైన విషయ మొకటి కలదు. గొంతు పూడుకొనిపోయిన పిల్లను చూచి, "సాధన చాలలేదు, ఇంకను గట్టిగా పాడవలెను" అని చెప్పు పెద్దలు నేటికిని ఉన్నారు. దిష్టి తగిలినదని కొందఱు, చల్లని నీరు త్రాగినదని కొందఱు అందురు. బెణికిన కాలితో పరుగెత్తుమని ఎవ్వరును చెప్పరు. అలసిన కంఠముతో పాడుమని మాత్రము అందఱును చెప్పుదురు. ఈ తొందరపాటు వలన, మంచి శారీరము గల బాలికలు కొందఱు "నా గొంతు చెడిపోయినది" అనుకొని పాటనే మానుకొనుచున్నారు. కంఠమునకు తగిన శ్రుతి, శ్రమకు తగిన విశ్రాంతి, ఈ రెండును లేనిచో ఏ యౌషధమును గాత్రమును కాపాడజాలదు. ఈ మాసము ఈ పుటలలో చెప్పదలచినది ఇదియే.

స్వరము పుట్టు చోటు

మెడ ముందుభాగమును వ్రేలితో తాకి గుటకవేసినచో, పైకి లేచి క్రిందికి దిగు గట్టి భాగ మొకటి తెలియును. అదియే స్వరపేటిక. దానిలో రెండు మెత్తని మడతలు ఎదురెదురుగ నున్నవి. వీనిని స్వరతంత్రులందురు. స్త్రీలలో వీని పొడవు సుమారు 1 మొదలు 1.5 సెంటీమీటరు వఱకు మాత్రమే. ఊపిరితిత్తుల నుండి వచ్చు గాలి వీనిని కదలింపగా, ఇవి ఒకదానితో నొకటి తాకుచు విడివడుచు నాదమును పుట్టించును.

5 శ్రుతిలో పాడు స్త్రీ ఆధారషడ్జమమున నిలిచినపుడు ఈ మడతలు సెకనుకు సుమారు 196 మారులు తాకును. తారషడ్జమమున దానికి రెట్టింపు, అనగా 392, తారపంచమమున 588. క్రింది షడ్జమముననే ఒక గంట నాదము నిలిపినను లెక్క ఏడు లక్షలు దాటును. భజనలో చప్పట్లు కొట్టిన అరచేతులు కొంతసేపటికే ఎఱ్ఱబడును గదా! వానికంటె ఎన్నియో రెట్లు సున్నితమైన ఈ మడతలు వాచుటలో ఆశ్చర్య మేమున్నది? వాచిన మడతలు సరిగా కలిసికొనవు; నడుమ గాలి జారిపోవును. అదియే బొంగురు. ఆ వాపుతోనే ప్రతిదినము బలవంతముగ పాడినచో, రోకలి పట్టిన చేతికి కాయలు కాచినట్లు స్వరతంత్రులపైనను చిన్న చిన్న కాయలు కాచును. పెద్దవారిలో ఈ బాధ పురుషులకంటె స్త్రీలకే ఎక్కువ. పిల్లలలో, కేకలు వేయు మగపిల్లలకు ఎక్కువ.

బ్రతికియున్న మనుష్యుని స్వరతంత్రులు పాడునపుడు ఎట్లు కదలునో స్పష్టముగ చూచి లోకమునకు తెలిపినవాడు వైద్యుడు కాడు, పాట నేర్పు గురువు. ఆయన స్పెయిను దేశపు కుటుంబమునకు చెందిన మాన్యుయల్ గార్షియా. 1854లో ఆయన దంతవైద్యులు వాడు చిన్న అద్దమును తన గొంతు వెనుకకు చేర్చి, మఱియొక అద్దముతో సూర్యకాంతిని దానిపై పడజేసి, తన కంఠమును తానే చూచుకొనెను. 1855లో ఆ సంగతిని లండనులోని రాయల్ సొసైటీకి నివేదించెను. మనవారును ఈ విషయమున ఏమఱి యుండలేదు. స్వరభేదమునకు కారణములు చెప్పుచు సుశ్రుతసంహిత మిక్కిలి బిగ్గరగ మాటలాడుటను, ఎడతెగని అధ్యయనమును పేర్కొనినది. శ్రమయే మొదటి శత్రువని ప్రాచీనులును నవీనులును ఏకగ్రీవముగ చెప్పుచుండగా, మనము మాత్రము చల్లని నీటిపై నింద మోపుచున్నాము.

శ్రుతి కంఠమును బట్టి యుండవలెను

ఒకే శ్రుతిపెట్టె ముందు పదిమంది పిల్లలను కూర్చుండబెట్టి, అందఱును ఒకే శ్రుతిలో పాడవలెననుట అందఱికిని ఒకే కొలత రవిక కుట్టించుట వంటిది. ఒకరికి బిగువగును, మఱియొకరికి వదులగును. స్త్రీలు సాధారణముగ 5, 5½, 6 శ్రుతులలో పాడుదురు. 4 శ్రుతిలోనో అంతకు తక్కువలోనో కంఠము హాయిగా పలికినచో అది లోపము కాదు. తనకు తగిన శ్రుతిని కనుగొనుటకు తేలికయైన పరీక్ష యొకటి కలదు. మంద్రపంచమము గాలిగా మాయము కాక వినబడవలెను. తారపంచమము ముఖము చిట్లింపక, మెడనరములు ఉబ్బక, గడ్డము పైకెత్తక అందవలెను. ఈ రెండును పొసగు శ్రుతియే మీ శ్రుతి. పైస్వరము అందుటకు గొంతు నులుముకొనవలసి వచ్చినచో అరశ్రుతి తగ్గించుడు. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెలోను, చేతిఫోనులోని తంబురాలోను ఈ మార్పు క్షణములో చేయవచ్చును.

సినిమాపాట నేర్చుకొను బాలికలు ఆ గాయని పాడిన శ్రుతిలోనే పాడవలెనని పట్టుబట్టుదురు. ఆ పాట ఆమె కంఠమునకు కుదిరిన శ్రుతిలో నున్నది. మీరు మీ శ్రుతికి దించి పాడినచో భావమునకు లోపము రాదు, కంఠమునకు హానియు రాదు. ఈడేఱు వయస్సున మగపిల్లల గొంతు ఇంచుమించు ఒక స్థాయి దిగును. ఆడపిల్లల గొంతును కొంచెము దిగును. ఆ నెలలలో గాత్రము నిలుకడగా నుండదు. అప్పుడు మందలింపక, పాఠము తగ్గించి, మధ్యస్థాయిలోనే పాడించుట మేలు. ముట్లుడిగిన పిదప స్త్రీల కంఠము మరల కొంత బరువెక్కును. నలువదేండ్లనాటి శ్రుతినే అఱువదింట నిలుపవలెనని పంతము పట్టనక్కఱలేదు. శ్రుతి తగ్గించుకొనిన గాయని ఓడిపోయినట్లు కాదు. ఇంక పదేండ్లు పాడుటకు దారి చేసికొనినట్లు.

సాధన విధము

నిద్ర లేచిన వెంటనే తారస్థాయి ముట్టరాదు. తొలుత నోరు మూసి మెల్లగ హుంకారము చేయుడు. పెదవులు బుఱ్ఱుమనిపించుచు స్వరమును పైకి క్రిందికి జార్చుడు. లోటాలో రెండు వ్రేళ్ల లోతు నీరు పోసి, దానిలో సన్నని గొట్టము ముంచి, బుడగలు వచ్చునట్లు గొట్టము గుండ "ఊ" అని నాదము చేయుట నేటి కంఠచికిత్సకులు నేర్పు పద్ధతి. మడతలపై బరువు లేకయే గొంతు విప్పారును. పిమ్మట మంద్రమధ్యస్థాయిలలో అకారసాధనము, ఆ తరువాత సరళులు, అలంకారములు. నేర్చుకొనువారు అరగంట పాడిన పిదప పది నిమిషములు ఊరకుండవలెను. పాఠము చెప్పువారు పిల్ల పాడునప్పుడెల్ల తామును వెంట పాడరాదు. ఒకమారు పాడి చూపి, పిమ్మట తాళము వేయుచు వినుటయే మంచిది. పిల్లకును చెవి పదునెక్కును.

కంఠమునకు ఇంటిలోనగు ఖర్చు

పాడునపుడు కంఠమునకగు ఖర్చునే మనము లెక్కపెట్టుదుము. ఇంటిలో అగు ఖర్చును లెక్కలోనికి తీసికొనము. మేడమీది పిల్లలను క్రిందినుండి కేకవేయుట, మిక్సీ తిరుగుచుండగ మాటలాడుట, టెలివిజనుతో పోటీపడి కథలు చెప్పుట: ఇవన్నియు ఆ రెండు మడతలపైననే పడును. చుట్టును చప్పుడు హెచ్చినపుడు మనకు తెలియకయే మన గొంతు హెచ్చును. ఈ స్వభావమును ఎతియెన్ లొంబార్డ్ అను ఫ్రెంచి వైద్యుడు 1911లో వివరించెను. పెండ్లిపందిటిలో బ్యాండుమేళము నడుమ బంధువులతో రెండు గంటలు ముచ్చటించి, పిమ్మట పాట పాడబోవు సోదరి గొంతు అప్పటికే సగము అలసియుండును. బతుకమ్మ ఆటలో పెద్ద లౌడుస్పీకరుల ప్రక్క నిలిచి పాడువారి స్థితియు ఇంతే. అట్టిచోట వంతులవారీగ పాడుట, దూరముగ నిలుచుట, సాధ్యమైనచో మైకు పట్టుకొనుట మేలు. మైకు వాడుట గాయనికి చిన్నతనము కాదు.

ఇంటిలో పిలుచుటకు చిన్న గంట యొకటి పెట్టుకొనుడు. దూరమునుండి అఱచుటకంటె నాలుగడుగులు నడచి వెళ్లి చెప్పుట సులభము. వినికిడి తగ్గిన అత్తగారో మామగారో ఉన్న యింట కోడలు దినమెల్ల గొంతెత్తి మాటలాడవలసి వచ్చును. పెద్దలకు వినికిడి యంత్రము అమర్చినచో వారికి లోకము వినబడును, కోడలి కంఠమునకును చికిత్స జరిగినట్లగును.

పొగ మఱియొక శత్రువు. పోపుఘాటు, కట్టెలపొయ్యి, దోమలచుట్ట, ఇతరుల సిగరెట్టు పొగ, ఇవి గొంతును ఎండజేసి రేపును. పూజగది తలుపులు మూసి, అగరువత్తులు, కర్పూరము, సాంబ్రాణి అన్నియు వెలిగించి, ఆ పొగలోనే గంటసేపు స్తోత్రములు పాడుట మనలో అలవాటు. కిటికీ తెఱచి, ధూపము ముగిసిన పిదప పాడినచో దేవుడు తక్కువ వినడు.

ఇంటిమందులు: ఎంతవఱకు?

మిరియాలపాలు, శొంఠికషాయము, అతిమధురము, కలకండ, తేనె: వీనిని పూర్తిగ త్రోసివేయనక్కఱలేదు. అయితే ఒక సంగతి తెలిసికొనవలెను. మనము మ్రింగునది అన్నవాహికలోనికి పోవును. ఆ సమయమున స్వరపేటిక మూతపడును. కాబట్టి మ్రింగిన మందు స్వరతంత్రులను తాకదు. నోటికిని గొంతు వెనుకభాగమునకును హాయి కలిగించును, దగ్గు తగ్గించును. అంతవఱకే దాని ఫలము. మడతలను నేరుగ చేరునది మనము పీల్చు గాలి యొక్కటియే. అందుచేత గోరువెచ్చని ఆవిరి కొంత మేలు చేయును. పసిపిల్లలను మరుగునీటి గిన్నె యొద్దకు రానీయకుడు. మడతలలోని చెమ్మ త్రాగిన నీటివలన నెమ్మదిగ వచ్చును గాని, పాడుటకు ముందు గ్రుక్కెడు నీటితో రాదు. దినమంతయు కొద్ది కొద్దిగ త్రాగుచుండుడు. మూత్రము లేతరంగున నున్నచో నీరు చాలినదని గుర్తు.

అతిమధురము ఎక్కువగ వాడినచో రక్తపుపోటు హెచ్చును. పోటు గలవారును గర్భిణులును వాడరాదు. ఏడాది నిండని శిశువునకు తేనె నాకింపరాదు. ఇక మాటిమాటికి గొంతు సవరించుకొనుట వ్యసనమువంటిది. ప్రతి సవరింపును మడతలను గట్టిగ కొట్టును. సవరించుకొన బుద్ధి పుట్టినపుడు ఒక గ్రుక్క నీరు మ్రింగుడు. ఉదయము లేచునప్పటికి గొంతు బొంగురుగను, నోరు పుల్లగను ఉన్నచో కడుపులోని ఆమ్లము రాత్రి పైకి వచ్చుచున్నదేమో యోచింపవలెను. రాత్రి భోజనము పండుకొనుటకు మూడు గంటలు ముందుగ ముగించి, కారమును నూనెను తగ్గించి, తలవైపు మంచమును కొంచెము ఎత్తు చేసినచో పలువురికి గుణము కనబడును.

మౌనమే మందగు వేళ

జలుబుతో గొంతు పోయినచో అది సాధారణముగ ఒకటి రెండు వారములలో తనంత తానే నెమ్మదించును. ఆ దినములలో కచేరీ ఉన్నను, పేరంటమున్నను పాడరాదు. పాడక తప్పదని యొత్తిడి చేయువారికి, "జ్వరముతో వచ్చిన వంటమనిషిచేత సంతర్పణ చేయింతురా?" అని నవ్వుచు సమాధానము చెప్పుడు. మాట తగ్గించుడు. గుసగుసలాడుట విశ్రాంతి యని యనుకొందురు గాని, బలవంతపు గుసగుసవలనను గొంతు బిగిసికొనును. అవసరమైనది మెల్లని సహజస్వరముతో చెప్పి ఊరకుండుట మేలు. పాడుచుండగనో, అఱచినప్పుడో గొంతు హఠాత్తుగ ఆగిపోయినచో మడతలో రక్తము చిమ్మియుండవచ్చును; వెంటనే పూర్తిగ మౌనము వహించి వైద్యుని చూడవలెను. ఆస్పిరిన్ వంటి మందులు ఈ ప్రమాదమును పెంచును గావున, ముట్టునొప్పికి దానిని వాడి కచేరీకి పోరాదు. గుండెజబ్బుకొఱకు వైద్యులు ఇచ్చినచో మాత్రము వారి నడుగక మానరాదు.

ఈ విశ్రాంతి ఒక్క స్త్రీచేత సాధ్యము కాదు, ఇల్లంతయు సహకరింపవలెను. అమ్మకు మాట లేని రెండు దినములు నాన్నగారు పిల్లలను పిలువవచ్చును, పెద్దపిల్ల చిన్నవానికి కథ చెప్పవచ్చును, టెలిఫోను మఱియొకరు తీయవచ్చును. జ్వరమునకు సెలవిచ్చు కుటుంబము కంఠమునకును సెలవీయవలెను.

వైద్యుని చూడవలసినది ఎప్పుడు?

బొంగురు మూడు నాలుగు వారములకు మించి నిలిచినచో చెవి, ముక్కు, గొంతు వైద్యుని తప్పక చూడవలెను. మ్రింగుట కష్టమైనను, ఉమ్మిలో రక్తము కనబడినను, మెడలో గడ్డ తోచినను, పొగాకు అలవాటున్నను అంత వఱకును ఆగరాదు. ఊపిరి ఆడకున్నచో ఆ క్షణముననే ఆసుపత్రికి పోవలెను. నేడు సన్నని కెమెరాతో కొద్ది నిమిషములలో స్వరతంత్రులను చూతురు. కోతయు కుట్టును ఉండదు. కాయలని తేలినను భయపడనక్కఱలేదు. వానికి మొదటి చికిత్స కత్తి కాదు, స్పీచ్ థెరపిస్టు నేర్పు కంఠాభ్యాసము. దానితోనే పెక్కుమందికి నయమగును. శస్త్రచికిత్సకు తొందరపడరాదు. "సౌండ్ ఆఫ్ మ్యూజిక్" చిత్రమున పాడి లోకప్రసిద్ధి గాంచిన జూలీ ఆండ్రూస్‌కు 1997లో కంఠమున శస్త్రచికిత్స జరిగిన పిదప పూర్వపు గానము తిరిగి రాలేదు.

ఏ జబ్బుకు వైద్యుని యొద్దకు పోయినను "నేను పాడుదానను" అని ముందుగ చెప్పుడు. థైరాయిడు గ్రంథికి జరుగు శస్త్రచికిత్సలో స్వరతంత్రులను కదల్చు నరము ప్రక్కనే యుండును. కొన్ని స్త్రీవ్యాధులకిచ్చు డెనజాల్ వంటి మందులు గొంతును మగగొంతువలె మార్చవచ్చును. మందు మానినను అది పూర్వస్థితికి రాకపోవచ్చును. ఉబ్బసమునకు పీల్చు మందు కొందఱికి బొంగురు తెచ్చును. దానిని మానరాదు గాని, పీల్చిన పిదప నోరు పుక్కిలించుట మఱవరాదు. థైరాయిడు మందగించినను గొంతు బరువెక్కును. ఈ మాట మనము చెప్పనిదే వైద్యునికి తెలియదు. "ఇంటిలో పాడుకొను దానికి ఇదంతయు ఎందులకు?" అని సిగ్గుపడకుడు.

తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి మందిరము కట్టించి, స్త్రీలకు అచ్చట పాడు అవకాశము లేని దినములలో పట్టుబట్టి దానిని సాధించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు (1878–1952) మన కంఠములకు సభలో చోటు సంపాదించి పెట్టిరి. ఆ చోట నిలిచి పాడుటకు గొంతు మిగిలియుండవలెను గదా! ఈ మాసము మీరు చేయవలసిన పనులు రెండే. మీ యింటి పాటకత్తె శ్రుతి ఆమె కంఠమునకు సరిపోయినదో లేదో ఒకమారు పరీక్షింపుడు. ఆమె గొంతు బొంగురుగ నున్ననాడు, "ఒక్క పాటైన పాడవమ్మా" అని యడుగక, గోరువెచ్చని నీళ్ల లోటా చేతికిచ్చి ఊరకుండనిండు.